కార్డుపై చిల్లర చౌర్యము

2010వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రముల ఫెడరల్ ట్రేడ్ కమిషను న్యాయస్థానమున వేసిన ఒక వ్యాజ్యము, క్రెడిట్ కార్డు చేతబట్టినవారందరును ఒక్కమారైనను తెలిసికొనదగినది. పేరు తెలియని కొందరు మోసగాండ్రు, నిజమైన వర్తక సంస్థల పేళ్లను పోలిన పేళ్లతో డజనుకు మించిన కంపెనీలను కాగితములమీద సృష్టించి, పది లక్షలకు పైబడిన కార్డులపై, ఒక్కొక్క కార్డునకు సాధారణముగా ఒక్కమారు మాత్రమే, 20 సెంట్లు మొదలు 10 డాలర్ల వరకు గల స్వల్ప మొత్తములను వసూలు చేసి, కొన్ని సంవత్సరముల కాలములో సుమారు కోటి డాలర్లు గడించిరి. ఇంటినుండి చేయదగిన ఉద్యోగమని ఈమెయిలు ద్వారా ఆశజూపి చేర్చుకొన్నవారి బ్యాంకు ఖాతాలగుండ ఆ ధనము లిథువేనియా, ఎస్తోనియా, బల్గేరియా మొదలగు దేశములకు తరలిపోయినది. ఇంత జరిగినను, ఆ వసూళ్లలో నూటికి తొంబదికి పైబడినవానిని ఎవరును ఆక్షేపింపనేలేదు.

ఈ ఉదంతము వినినంతనే కార్డుదారుల అలసత్వముపై కోపము కలుగుట సహజము. కాని వారిని నిందించుటకు పూర్వము ఈ వ్యవహారమున పాలుగలవారి లెక్కలను విడివిడిగా వేసి చూడవలసియున్నది. నెలకు నలుబది యేబది పద్దులుండు స్టేట్‌మెంటులో, ఎచ్చటనో విన్నట్లు తోచు పేరుతో నున్న రెండు డాలర్ల పద్దును కూపీ తీయుటకు గృహస్థునకు పట్టు అరగంట కాలము ఆ రెండు డాలర్లకంటె విలువగలది. కార్డు నిచ్చిన బ్యాంకునకు ఆ వివాదమును నమోదు చేసి, వర్తకుని బ్యాంకునకు పంపి, ప్రత్యుత్తరము తెప్పించుకొనుటకగు ఖర్చు వివాదపడిన మొత్తమును మించును గనుక, పలుమారులు విచారణ లేకయే సొమ్ము తిరిగి జమచేసి పద్దును మూసివేయుట వారికి లాభసాటి. చూచుటకు ఔదార్యమువలె కనబడు ఈ యాచారమువలన దొంగ యెవడో కనుగొను యత్నమును అక్కడితోనే ముగిసిపోవును. పోలీసు ఠాణాలో లక్షల రూపాయల ఫిర్యాదులు వరుసలోనుండగా నూటయిరువది రూపాయల ఫిర్యాదునకు వంతు వచ్చుట కష్టము. వీసా, మాస్టర్‌కార్డు వంటి సంస్థలు ప్రతి వర్తకునిపైని వచ్చు ఆక్షేపణల నిష్పత్తిని కనిపెట్టుచుండునుగాని, పద్దు చిన్నదైనకొలది ఆక్షేపించువారు తగ్గుదురు గనుక ఆ నిష్పత్తి హద్దులోపలనే నిలిచియుండును. ఇట్లు ప్రతివారును తమతమ లెక్కప్రకారము వివేకముగానే ప్రవర్తించుచుండగా, ఆ వివేకముల నడుమనున్న సందునందు దొంగ నిశ్చింతగా కాపురము చేయుచున్నాడు. మొత్తము యొక్క అల్పత్వమే అతని ఆయుధము.

2014 ఆరంభమున అమెరికాలో కనబడిన 9.84 డాలర్ల పద్దు ఈ తంత్రమునకు మరియొక ప్రసిద్ధమైన నిదర్శనము. పరిశోధక పాత్రికేయుడు బ్రయన్ క్రెబ్స్ దాని జాడ పట్టి వ్రాసెను. వర్తకులపై వినియోగదారుల ఫిర్యాదులను చూచు బెటర్ బిజినెస్ బ్యూరో ప్రజలను హెచ్చరించెను. పద్దు ప్రక్కనున్న వెబ్‌సైటు పేరును పట్టుకొని వెళ్లినవారికి అచ్చట సరకుగాని సేవగాని కానరాక, ఫిర్యాదులను స్వీకరించు 'కస్టమర్ సపోర్టు' పుట మాత్రము కనబడెడిది. ఆక్షేపించినవానిని వెంటనే సమాధానపరచినచో అతడు బ్యాంకునకు ఫోను చేయడు. బ్యాంకునకు ఫోను రానిచో వర్తకునిపై మచ్చ పడదు. ఇట్టి మోసములో సొమ్ము వాపసు చేయుట మర్యాద కాదు, వ్యాపారపు పెట్టుబడి.

ఇక కార్డు సంఖ్య పరుల చేతికి ఎట్లు చిక్కుచున్నదను ప్రశ్న కలదు. వర్తకుల కంప్యూటర్లనుండి దొంగిలింపబడిన జాబితాలు, పెట్రోలు బంకులయందును ఏటీఎంలయందును రహస్యముగా అమర్చబడి కార్డు వివరములను కాజేయు స్కిమ్మరులు, నకిలీ వెబ్‌సైటులు మొదలగువానిని గూర్చి పత్రికలు తరచుగా వ్రాయుచునే యున్నవి. అంతగా తెలియనిది, సంఖ్యను దొంగిలింపకయే ఊహించు పద్ధతి. కార్డుపైనుండు అంకెలు, సామాన్యముగా పదునారు, ఇష్టము వచ్చినట్లు కూర్చబడినవి కావు. మొదటి 6 లేక 8 అంకెలు ఆ కార్డు నిచ్చిన సంస్థకు చెందినవి. చిట్టచివరి అంకె, ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటునకై సమర్పించిన గణితసూత్రమును బట్టి తక్కిన అంకెలనుండి లెక్కగట్టబడునట్టిది. ఎత్తి వ్రాయుటలో జరుగు పొరపాట్లను పట్టుకొనుటకై పుట్టిన ఆ సూత్రమునకు దొంగలను అడ్డగించు శక్తి ఏనాడును లేదు. సంస్థను తెలుపు ఎనిమిది అంకెలును తెలిసి, చివరి అంకె లెక్కకు లొంగినపుడు, మధ్య మిగులునది ఏడంకెలే, అనగా ఒక కోటి సంఖ్యలు. మనుష్యునకు కోటి పెద్ద లెక్కయైనను కంప్యూటరునకు అది క్షణముల పని. గడువు తీరు నెల ఐదేండ్ల లోపలిదైనచో అరువది అవకాశములలో నొకటి. వెనుకనుండు మూడంకెల సంకేతము వేయింటిలో నొకటి. ఒకే దుకాణమున వేయిమారులు తలుపు తట్టినవాడు పట్టుబడును గాని, ఆ ప్రయత్నములను వందలకొలది వెబ్‌సైటులకు పంచిపెట్టినచో ఏ యొక్కదానికిని అనుమానము కలుగదు. బ్రిటనులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ఈ పద్ధతితో ఒక వీసా కార్డు వివరములను ఆరు సెకండ్లంత స్వల్పకాలమున రాబట్టవచ్చునని ప్రకటించిరి. అన్ని సైటుల ప్రయత్నములను ఒకచోట గమనించు మాస్టర్‌కార్డు వ్యవస్థ అదే దాడిని పసిగట్టినదని కూడ వారే తెలిపిరి. ఆ రెండవ మాటయే నాకు ముఖ్యముగా తోచుచున్నది. విడివిడిగా చూచినపుడు అగోచరమైనది కూడదీసి చూచినపుడు గోచరించుచున్నది. అట్లు కూడదీయగల స్థానమున సంస్థలే యున్నవి గాని కార్డుదారుడు లేడు.

ఊహించిన సంఖ్య పనిచేయునో లేదో తేల్చుకొనుటకు దొంగ ముందుగా ఒక రూపాయియో ఒక డాలరో వసూలు చేసి చూచును. ఏ మొత్తమునైనను స్వీకరించు ధర్మసంస్థల విరాళపు పుటలు ఈ పరీక్షకు తరచుగా గురియగుచుండుట విచారకరము. పరీక్షకు నిలిచిన కార్డును అతడు తానే వాడుకొనవచ్చును, వేరొకనికి విక్రయింపవచ్చును. కావున స్టేట్‌మెంటులో కనబడిన చిన్న పద్దునకు రెండర్థములుండుటకు వీలున్నది: అది అంతటితో ముగియు చిల్లర దొంగతనమైనను కావచ్చును, రాబోవు పెద్ద దొంగతనమునకు నాందియైనను కావచ్చును. ఏదియో తెలిసికొను ఉపాయము కార్డుదారునకు లేదు. తెలిసికొనవలసిన అవసరమును లేదు. రెంటియందును సంఖ్య బయటపడినదనుట నిశ్చయము. పోయిన నూరు రూపాయలు తిరిగి వచ్చినవని సంతోషించి పాత సంఖ్యతోనే కాలము గడుపువాడు రోగమును వదలి లక్షణమునకు మందు పుచ్చుకొన్నవాడగును.

మన దేశపు పరిస్థితి కొంత భిన్నముగా నున్నది. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1980 దశకపు తొలినాళ్లలోనే క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టి, ఈ మార్గమున ముందు నడచిన భారతీయ బ్యాంకులలో నొకటిగా నిలిచినది. ఆనాడు వర్తకుడు కార్డును చేతియంత్రమునందుంచి కార్బను కాగితముపై ముద్ర తీసికొనెడివాడు. మోసము చేయదలచినవానికి కార్డుగాని ఆ కాగితముగాని చేత చిక్కవలసియుండెను. ఇంటర్నెట్టు వచ్చిన తరువాత సంఖ్యయే కార్డయినది. అప్పుడు రిజర్వు బ్యాంకు చేసిన ఒక నిర్ణయము శ్లాఘనీయము: 2009 ఆగస్టు నుండి ఆన్‌లైను చెల్లింపులకు కార్డుపై ముద్రితమైన వివరములతోబాటు మరియొక ధ్రువీకరణము, నేటి వాడుకలో ఓటీపీ, తప్పనిసరియని శాసించినది. కొనుగోలుదారులు విసుగుకొనిరి, వర్తకులు గొణిగిరి. ఐనను ఊహించిన సంఖ్యతో స్వదేశీ దుకాణమున సొమ్ము గుంజుట ఆ నియమమువలన దుర్ఘటమైనది.

కాని ప్రతి కోటకును సౌకర్యముకొరకు విడిచిన ద్వారములుండును. మన కోటకు మూడు ద్వారములు. మొదటిది తాకించి చెల్లించు పద్ధతి: 2021 జనవరి 1 నుండి రూ. 5,000 వరకు పిన్ అక్కరలేదు. జనసమ్మర్దములో ఎవడో యంత్రమును మన జేబునకు తాకించి సొమ్ము లాగుకొనునను భయము ప్రబలముగా నున్నది గాని, ఆ యంత్రము వెనుక నమోదైన వర్తకుని బ్యాంకు ఖాతా ఉండవలెను గనుక దొంగకు అది అంత సుగమమైన మార్గము కాదు. పోగొట్టుకొన్న కార్డుతో వరుసగా చిన్న కొనుగోళ్లు చేయుటయే అసలు ప్రమాదము. రెండవది నెలనెలా తనంతట జరుగు చెల్లింపు: ఒక్కమారు అనుమతి నిచ్చిన పిమ్మట రూ. 15,000 వరకు మరల ఓటీపీ అడుగరు. వసూలునకు 24 గంటల ముందు సందేశము పంపవలెనను నియమము మాత్రము కలదు. మూడవది విదేశీ వర్తకుల ద్వారము. మన నియమము వారిని బంధింపజాలదు గనుక, అంతర్జాతీయ వినియోగము తెరచియుంచిన కార్డుపై కేవలము సంఖ్యతో వసూలు జరుగుటకు చాలకాలము అవకాశముండెను. అర్ధరాత్రివేళ ఒక డాలరునకో రెండు యూరోలకో వచ్చు సందేశముల కథ ఇదియే. విదేశీ కొనుగోళ్లకు సైతము అదనపు ధ్రువీకరణమును అమర్చుటకై 2026 అక్టోబరు 1వ తేదీ గడువుగా రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో ఉత్తరువులిచ్చినది. ఆ ధ్రువీకరణమును విదేశీ వర్తకుడు కోరినపుడే అది అక్కరకు వచ్చును గనుక, ద్వారము పూర్తిగా మూతపడునని నమ్మి నిదురింపరాదు. 2020 నాటి ఉత్తరువు ప్రకారము ప్రతి బ్యాంకును కార్డుదారునకు ఆన్‌లైను, అంతర్జాతీయ, తాకింపు వినియోగములను వేరువేరుగా తెరచుటకును మూయుటకును, పరిమితి విధించుటకును వీలు కల్పింపవలెను. ఈ మీట చేతనుండియు దానిని ముట్టనివారే అధికులు. విదేశీ కొనుగోలు చేయుదినమున తెరచి, మరునాడు మూసివేయుట నా దృష్టిలో తక్కిన జాగ్రత్తలన్నిటికంటె మిన్న.

ఐతే తెలియని ప్రతి పద్దును చౌర్యమని గర్జించుటయు పొరపాటే. వీధిలో ఒక పేరుతో పలకపెట్టుకొన్న హోటలు, రిజిస్టరైన కంపెనీ పేరు మరియొకటియైనందున, స్టేట్‌మెంటులో అపరిచితముగా ప్రత్యక్షమగును. వేరొక సంస్థ ద్వారా చెల్లింపులు స్వీకరించు చిన్న దుకాణము ఆ సంస్థ పేరుతో కనబడును. క్రొత్తగా కార్డును ఏదేని యాప్‌లో చేర్చినపుడు పరీక్షార్థము రూపాయియో రెండు రూపాయలో పట్టి తిరిగి విడుచుట సాధారణము. విదేశీ వర్తకునకు రూపాయలలో చెల్లించినను బ్యాంకు ప్రత్యేక రుసుమును, దానిపై జీఎస్టీని విడిగా వ్రాయును. ఇక ఇంటిలోని పిల్లవాడు ఫోనులో ఆటలాడుచు కొన్న 'వజ్రముల' ఖరీదు తండ్రి స్టేట్‌మెంటులో అంతర్జాతీయ చౌర్యమువలె భాసించిన సందర్భములు కొల్లలు. తేదీని, మొత్తమును ఫోనులోని సందేశములతోను ఈమెయిలు రసీదులతోను పోల్చి, ఇంటివారిని అడిగినచో సందేహములలో పెక్కు తీరిపోవును.

వీనికిని చౌర్యమునకును నడుమ ఒక మసక ప్రదేశము కలదు. 'నెల దినములు ఉచితము' అని కార్డు వివరములు పుచ్చుకొని, ముప్పదియొకటవ నాడు మొదలు నిశ్శబ్దముగా చందా గుంజుట, రద్దు చేయు మీటను ఏడు తెరల వెనుక దాచుట, కొనుగోలు బుట్టలో అడుగని బీమాను జారవిడుచుట అను పనులను న్యాయదృష్టి చౌర్యమనదు, ఏలయన అనుమతి ఏదో యొక రూపమున నీయబడినది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 రకముల మాయోపాయములలో చందా ఉచ్చును, బుట్టలో జొనుపుటయు చేరియుండుట హర్షణీయము. ఇట్టి పద్దులకు చికిత్స వేరు: ముందు చందాను రద్దు చేసి, ఆ సాక్ష్యమును భద్రపరచి, బ్యాంకు యాప్‌లో ఆ వర్తకునకిచ్చిన నెలసరి అనుమతిని తొలగింపవలెను. కార్డు మార్చినంతమాత్రమున ఇవి ఆగవు. క్రొత్త కార్డు వివరములను పాత వర్తకులకు తామై అందించు ఏర్పాట్లు కార్డు సంస్థలకు కలవు. దీనిని చౌర్యమని బ్యాంకునకు అబద్ధమాడినచో, వర్తకుడు అనుమతి పత్రము చూపినవెంటనే ఫిర్యాదు వీగిపోవును.

నిజమైన చౌర్యమని తేలినపుడు కాలమే ప్రధానము. ఇచ్చట నియమములను కొంచెము నింపాదిగా పరిశీలింపవలసియున్నది, ఏలయన చిల్లర మొత్తములకు అవి విచిత్రముగా పనిచేయును. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6వ తేదీ నాటి ఉత్తరువు ప్రకారము, బ్యాంకు లోపమున్నచో కార్డుదారునకు ఏ బాధ్యతయు లేదు. బ్యాంకు లోపముగాని కార్డుదారుని లోపముగాని లేక మూడవచోట వివరములు బయటపడినచో, బ్యాంకునుండి సందేశము అందిన పిదప మూడు పనిదినములలోపల తెలియజేసినవానికి నష్టమంతయు మాఫీ. నాలుగు మొదలు ఏడు పనిదినములలో తెలిపినవాని బాధ్యత, ఐదు లక్షల వరకు పరిమితిగల క్రెడిట్ కార్డునకు గరిష్ఠముగా రూ. 10,000, అంతకు మించిన పరిమితిగల కార్డునకు రూ. 25,000. లక్ష రూపాయలు పోయినవానికి ఈ గరిష్ఠ పరిమితి గొప్ప రక్ష. మూడువందల రూపాయలు పోయినవానికో? అతని నష్టమంతయు ఆ పరిమితికి లోపలనే యున్నందున నాలుగవ దినముననే అతని రక్షణ సున్న. పెద్ద మొత్తములను మనస్సునందుంచుకొని కూర్చిన నియమము క్రిందినుండి చిల్లర జారిపోవుచున్నది. చిన్న నష్టము కలిగినవాడే ఎక్కువ త్వరపడవలెనను ఈ వైపరీత్యమును గ్రహించినవారు అరుదు. అమెరికాలో చట్టము వేరుదారి పట్టినది: అచ్చట అనధికార వినియోగమునకు కార్డుదారుని బాధ్యత 50 డాలర్లకు మించదు, కార్డు తనవద్దనే యుండి సంఖ్య మాత్రము దొంగిలింపబడినచో అదియును లేదు. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టము స్టేట్‌మెంటు పంపిన నాటినుండి 60 దినములలోపల లిఖితముగా ఆక్షేపించు హక్కు నిచ్చుచున్నది. డల్లాసులోను న్యూజెర్సీలోను చదువుకొను మన తెలుగు విద్యార్థులు పలువురు క్రెడిట్ కార్డు దొరకక డెబిట్ కార్డుతో కాలము వెళ్లదీయుచుందురు. డెబిట్ కార్డునకు అచ్చటి చట్టము ఇంత దయగా లేదని, పోయిన కార్డును రెండు పనిదినములు దాటి తెలిపినచో బాధ్యత 500 డాలర్లవరకు పెరుగునని వారు ఎరిగియుండుట మేలు.

ఇక మన దేశమున చేయవలసిన పని దీర్ఘమైనది కాదు. బ్యాంకు యాప్‌లో కార్డును తక్షణమే బ్లాకు చేయవలెను. పద్దు ఇంకను 'పెండింగు'లో నున్నందున వివాదమును స్వీకరింపలేమని బ్యాంకువారు చెప్పినను బ్లాకు చేయుటకు అది అడ్డు కాదు. పిమ్మట కార్డు వెనుకనున్న సంఖ్యకు ఫోను చేసి, ఫిర్యాదు సంఖ్యను, కాలమును వ్రాసికొని, క్రొత్త సంఖ్యతో కార్డును కోరవలెను. విద్యుత్తు బిల్లు, బీమా వాయిదా మొదలగువానిని క్రొత్త కార్డునకు మార్చుకొను శ్రమకు జంకి వాయిదా వేయువారే మరల మోసపోవుచుందురు. తెలియజేసిన పిదప జరుగు నష్టము బ్యాంకుదే. పది పనిదినములలోపల వివాదపడిన మొత్తమును తాత్కాలికముగా జమచేసి, తొంబది దినములలో వివాదమును తేల్చుటయు బ్యాంకు విధి. కార్డుదారుని బాధ్యతను నిరూపించు భారముకూడ బ్యాంకుమీదనే యున్నదని రిజర్వు బ్యాంకు ఉత్తరువు స్పష్టముగా పలుకుచున్నది. 'మీరే ఎచ్చటనో వివరములిచ్చియుందురు' అను గుమాస్తా మాటకు బెదరనక్కరలేదు. 1930 అను జాతీయ సంఖ్యకు కూడ తెలుపవలెను. పోయినది నూరు రూపాయలే యైనను, ఆ వర్తకుని పేరు పదిమంది ఫిర్యాదులలో కనబడినపుడే పోలీసులకు దారము కొన దొరకును. బ్యాంకు ముప్పది దినములలో బదులీయనిచో, ఇచ్చిన బదులు తృప్తికరము కానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ కలడు.

ఇన్నిటిలోను ఒక ప్రమాదమును మరువరాదు. చిన్న పద్దు చూచి కలతపడినవాడు ఇంటర్నెట్టులో ఆ వర్తకుని 'కస్టమర్ కేర్' సంఖ్య వెదకుటయు, అచ్చట కాచుకొనియున్న నకిలీ ప్రతినిధి వాపసు నెపమున ఓటీపీ అడిగి ఖాతా నూడ్చుటయు నిత్యము జరుగుచున్నవి. ఓటీపీ చెప్పినవానికి పై ఉత్తరువు రక్షణ యీయదు. తెలియజేయువరకు జరిగిన నష్టమంతయు అతనిదే. వంద రూపాయలకై వెదకబోయి లక్ష పోగొట్టుకొనుటకంటె ఆ వంద వదలుకొనుటయే నయము.

కార్డుదారుడు జాగరూకుడై యుండవలెనను మాటను బ్యాంకులు ప్రతి ప్రకటనలోను వల్లించుచున్నవి. అందులో అసత్యము లేదు. కాని జాగరూకత ఎట్లు సాధ్యము? స్టేట్‌మెంటులో వర్తకుని పేరు సగము విరిగిన ఇంగ్లీషు పెద్దక్షరముల గుంపుగా, ఊరి పేరు అతుక్కొని, ఫోను సంఖ్య లేక అచ్చగుచున్నది. డెబ్బదియేండ్ల విశ్రాంతోద్యోగి దానిని చదివి చౌర్యమేదో కొనుగోలేదో ఎట్లు విడదీయును? ఒకే వర్తకుడు ఒకేరాత్రి వేలమంది కార్డులపై ఒకే మొత్తము వసూలు చేయుట బ్యాంకు కంప్యూటరునకు కనబడును గాని ఏ గృహస్థునకును కనబడదు. వర్తకుని వాడుక పేరును, ఊరును, పనిచేయు ఫోను సంఖ్యను ప్రతి పద్దు ప్రక్కన తెలుగులోను ఇంగ్లీషులోను అచ్చువేయుటకు క్రొత్త చట్టమక్కరలేదు, బ్యాంకులు తలచుకొన్నచో చాలును. ఆ పని చేయనంతకాలము ఖాతాదారుని అజాగ్రత్తను ఎత్తిచూపు అర్హత బ్యాంకులకు లేదు.